ఆఫ్రికా వేరు బుట్టలు: పశ్చిమ జాంబియా మకెంగె బుట్టల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా బుట్టలు అనగానే చాలామందికి తాటిజాతి ఆకులతోనో గడ్డితోనో అల్లిన రంగురంగుల బుట్టలే గుర్తుకువస్తాయి. నేలలోని వేళ్ళను తవ్వి, చీల్చి, వాటితోనే బుట్ట అల్లే సంప్రదాయం గురించి తెలిసినవారు తక్కువ. ఆ సంప్రదాయం బలంగా నిలిచిన చోట్లలో జాంబియా దేశపు పశ్చిమ ప్రాంతం ఒకటి. అక్కడి ఎంబుండా ప్రజలు, వారి ఇరుగుపొరుగు జాతులవారు అల్లే మకెంగె బుట్టలను ఆధారంగా చేసుకుని ఈ జవాబులు రాశాము. ఈ బుట్టల విలువలో సగం నేల కింద జరిగే పనిలోనే ఉంది కాబట్టి, ఆ పనిని కొంచెం విస్తారంగానే వివరించాము.

ఆఫ్రికా బుట్టలన్నీ వేళ్ళతో చేసినవేనా?

కావు. బుట్టకు వాడే ముడిసరుకు ఆయా ప్రాంతాల నేలను, వానను బట్టి మారుతుంది. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టా అంచున ఉన్న ఎట్షా గ్రామాలవారు మొకోలా అనే తాటిజాతి చెట్టు లేత ఆకులతో అల్లుతారు. దక్షిణాఫ్రికాలోని జులూలు ఇలాలా తాటి ఆకులను వాడతారు. కెన్యాలో కియోండో అనే సంచి బుట్టలను కిత్తనారతోనూ, ఘనాలోని బొల్గటాంగ బుట్టలను గట్టి గడ్డి కాడలతోనూ అల్లుతారు. మకెంగె బుట్టలో మాత్రం చుట్లను పట్టి ఉంచే అల్లిక పట్టీ పూర్తిగా వేరు నుంచి తీసినదే.

అయితే ఆకు బుట్టల్లో కూడా వేరుకు మరో పాత్ర ఉంది. ఎట్షా బుట్టల మీద కనిపించే గోధుమరంగు నమూనాలకు మొట్లకోలా అనే పొద వేళ్ళను ఉడికించి రంగు తీస్తారు. అంటే ఒక చోట వేరు బుట్టకు ఒళ్ళయితే, మరో చోట అది బుట్టకు రంగు.

మకెంగె అంటే ఏ చెట్టు? అలాంటిది మన దగ్గర ఉందా?

చెట్టును ముకెంగె అనీ, దాని వేళ్ళతో అల్లిన బుట్టలను మకెంగె బుట్టలనీ వ్యవహరిస్తారు. వృక్షశాస్త్రంలో దీని పేరు కాంబ్రెటం జేహెరి. ఇది టాంజానియా నుంచి దక్షిణాఫ్రికా దాకా పొడి అడవుల్లో పెరిగే చిన్న చెట్టు. చాలా చోట్ల గుబురు పొదగానే కనిపిస్తుంది. నాలుగు రెక్కలున్న పెద్ద కాయలను బట్టి దీన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

ఈ చెట్టు మన అడవుల్లో లేదు గాని, దీని బంధువులు మనకు బాగా పరిచయమైనవే. ఇళ్ళ ముందు పందిరి మీద పాకించే రాధామనోహరం తీగ ఇదే ప్రజాతికి చెందినది. తెల్లమద్ది, కరక్కాయ, తానికాయ చెట్లు ఇదే కుటుంబానికి చెందినవి. రంగుల గురించి చెప్పేటప్పుడు ఈ బంధుత్వం మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

కొమ్మలు, ఆకులు ఉండగా వేళ్ళనే ఎందుకు ఎంచుకున్నారు?

దీనికి జవాబు అక్కడి నేలలో ఉంది. జాంబియా పశ్చిమ ప్రాంతంలో ఎక్కువ భాగం కలహారి ఇసుక పరచుకుని ఉంటుంది. ఆ ఇసుక చాలా లోతు వరకు ఉంటుంది, అందులో రాళ్ళు దాదాపుగా ఉండవు. రాయి అడ్డం వచ్చే నేలలో వేరు వంకరలు తిరుగుతుంది, ముడులు పడుతుంది, దెబ్బతిని పగుళ్ళు తీస్తుంది. ఇసుకలో అయితే పక్కవేళ్ళు నీటిని వెతుక్కుంటూ సాఫీగా, పొడవుగా సాగుతాయి. బుట్ట అల్లేవారికి కావలసింది సరిగ్గా అదే. పట్టీ ఎంత పొడవుగా ఉంటే అల్లికలో అతుకులు అంత తక్కువగా ఉంటాయి, అతుకులు తగ్గిన కొద్దీ బుట్ట మన్నిక పెరుగుతుంది.

కొమ్మకూ వేరుకూ స్వభావంలో కూడా తేడా ఉంది. చెట్టు బరువును మోస్తూ గాలికి నిటారుగా నిలబడాలి కాబట్టి కొమ్మ గట్టిపడుతుంది. నేలలో దారి చేసుకుంటూ లాగుడును తట్టుకోవాలి కాబట్టి వేరు వంగుతుంది, తెగదు. ఆ సుగుణాన్ని గమనించినవారు ఆఫ్రికాలోనే కాదు, ఇతర ఖండాల్లోనూ ఉన్నారు. ఉత్తర అమెరికా వాయవ్య తీరంలోని ట్లింగిట్, హైదా జాతులవారు స్ప్రూస్ చెట్టు వేళ్ళతోనూ, ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజలు బిర్చ్ చెట్టు వేళ్ళతోనూ బుట్టలు అల్లారు.

వేళ్ళను ఎలా సేకరించి సిద్ధం చేస్తారు?

బయటివారికి కనిపించని శ్రమ అంతా ఇక్కడే ఉంది. అల్లేవారు ముందుగా చెట్టును ఎంచుకుంటారు. నేలపైన పొద ఎంత గుబురుగా ఉన్నదన్నది అంత ముఖ్యం కాదు, నేల మెత్తగా ఉండాలి, చుట్టూ ఇతర చెట్ల వేళ్ళు చిక్కుపడి ఉండకూడదు. గునపంతోనో గొడ్డలి మొనతోనో ఇసుకను తొలగించి, నేలకు దగ్గరగా పక్కకు సాగిన వేరును కనిపెట్టి, దాని దారినే తవ్వుకుంటూ పోయి, తగినంత పొడవు తేలాక నరుకుతారు. మన చేతివేలి లావు కంటే సన్నగా ఉన్న వేళ్ళు పట్టీలకు అనువుగా ఉంటాయి. బాగా ముదిరినవి చీల్చేటప్పుడు విరిగిపోతాయి.

ఇంటికి తెచ్చిన వేళ్ళు ఎండిపోకముందే పై బెరడు ఒలవాలి. తరువాత కత్తితో కొన దగ్గర గాటు పెట్టి, రెండు చేతులతో చెరో వైపుకు సమానంగా లాగుతూ నిలువుగా చీలుస్తారు. ఒక చేతి బలం ఎక్కువైతే చీలిక ఆ పక్కకు జారి పట్టీ మధ్యలోనే తెగిపోతుంది. ఈ చీల్చడం అలవాటు కావడానికే కొత్తవారికి చాలాకాలం పడుతుంది, అల్లిక నేర్చుకోవడం దాని తరువాతి మాట. చీల్చిన పట్టీల లోపలి భాగాన్ని కత్తితో గీకి, మందం అంతటా ఒకే తీరుగా వచ్చేలా సన్నం చేస్తారు. ఆపైన చుట్టలు చుట్టి ఆరబెట్టి దాచుకుంటారు, అల్లేముందు నీళ్ళలో నానబెట్టి మెత్తబరుస్తారు.

బుట్ట వెల అడిగేవారు సాధారణంగా అల్లడానికి ఎన్ని రోజులు పట్టిందని అడుగుతారు. తవ్వడానికి, ఒలవడానికి, చీల్చడానికి, గీకడానికి ఎంతకాలం పట్టిందని కూడా అడగాలి. మొదటి కుట్టు పడేసరికే పనిలో పెద్ద భాగం పూర్తయి ఉంటుంది.

అల్లిక ఎలా సాగుతుంది? మన మేదరి అల్లికకూ దీనికీ తేడా ఏమిటి?

మన మేదరులు వెదురు బద్దలను నిలువుకూ అడ్డానికీ పరచి, ఒకటి పైకి ఒకటి కిందికి పోనిస్తూ అల్లుతారు. మకెంగె బుట్టది చుట్టల పద్ధతి. సన్నని పుల్లలనో వేరు ముక్కలనో కలిపి ఒక కట్టగా పట్టుకుని, దాన్ని నడిమి బిందువు నుంచి చుట్టుగా తిప్పుకుంటూ వస్తారు. మన కోస్తా జిల్లాల్లో వరిగడ్డి వెంటిని చుట్లు చుట్లుగా పేర్చి ధాన్యపు పురి కట్టే తీరును చూసినవారికి ఈ నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ ప్రతి చుట్టునూ దాని కిందిచుట్టుతో వేరుపట్టీ పెట్టి కుట్టేస్తారు. ఇనుప ఆరెతో కిందిచుట్టులో రంధ్రం చేసి, అందులోంచి తడిపట్టీని దూర్చి, కట్ట చుట్టూ తిప్పి బిగించి లాగుతారు. మరో కుట్టు దాని పక్కనే పడుతుంది. నడుమ సందు కనిపించకుండా ఇలా వేల కుట్లు పడితే గాని ఒక మోస్తరు బుట్ట పూర్తికాదు.

ఆకారం అంతా ఈ చుట్లను పేర్చే తీరులోనే ఉంది. కొత్త చుట్టును పాత చుట్టు పక్కన పెడితే పళ్ళెం వస్తుంది. కొంచెం పైకి ఎక్కిస్తే గిన్నె వస్తుంది, సరిగ్గా నెత్తిన పెడుతూ పోతే లోతైన గాదె బుట్ట వస్తుంది. అచ్చు గాని, కొలబద్ద గాని వాడరు. చేతి బిగువు ఒకే తీరుగా లేకపోతే బుట్ట ఒక పక్కకు ఒరిగిపోతుంది. వేరుపట్టీ తడిగా ఉన్నప్పుడు మెత్తగా వంగి, ఆరాక బిరుసెక్కుతుంది కాబట్టి అల్లిక పూర్తయిన తరువాత బుట్ట మరింత గట్టిపడుతుంది.

నమూనాల్లోని రంగులు ఎక్కడివి?

వేరు సహజమైన రంగు లేత గోధుమ నుంచి తేనెరంగు దాకా ఉంటుంది. నమూనాలకు కావలసిన ముదురు గోధుమ, నలుపు రంగులను సంప్రదాయంగా చెట్ల బెరళ్ళు, వేళ్ళు, ఆకుల కషాయంలో పట్టీలను ఉడికించి తెస్తారు. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో చాలా చోట్ల నలుపు కోసం పట్టీలను బురదలో పూడ్చి ఉంచే పద్ధతి కూడా ఉంది. మొక్కలోని వగరు పదార్థమైన టానిన్, బురదలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచిన బట్ట మీద ఇనుప కసిమితో (ఇనుమును పులియబెట్టి తీసిన ద్రావణంతో) గీత గీయగానే అది నల్లగా మారడం వెనుక ఉన్నదీ ఇదే రసాయన చర్య. కరక్కాయ, ముకెంగె ఒకే కుటుంబపు చెట్లు కావడం వల్ల, ఎంతో దూరాన ఉన్న ఈ రెండు చేతిపనుల మధ్య నిజమైన చుట్టరికం కనిపిస్తుంది.

ఎక్కువగా కనిపించేవి మెట్లు, త్రికోణాలు, వజ్రపు ఆకారాలు, నడిమి నుంచి సుడి తిరిగే గీతలు. కుట్టు పక్కన కుట్టుగా సాగే అల్లికలో ఇలాంటి జ్యామితీయ రూపాలే సహజంగా ఒదుగుతాయి. ప్రతి నమూనాకూ ఏదో రహస్యార్థం ఉందని అమ్మకందారులు చెప్పే కథలను అల్లినవారి నోట విన్నప్పుడే నమ్మడం మంచిది.

రోజువారీ జీవితంలో వీటిని దేనికి వాడతారు?

ముందుగా చెప్పవలసింది చెరగడం గురించి. పశ్చిమ జాంబియాలో మొక్కజొన్న, జొన్న, సజ్జ, కర్రపెండలం, వరి అన్నీ పండుతాయి. మోంగు పట్టణం పరిసరాల్లో పండే బియ్యానికి దేశమంతటా పేరుంది. రోటిలో దంచిన గింజలను వెడల్పైన, లోతు తక్కువ ఉన్న బుట్టలో పోసి ఎగరవేస్తే పొట్టు గాలికి పోయి గింజ మిగులుతుంది. ఇది మన చేట చేసే పనే. కాని మన చేటకు ముందువైపు అంచు ఉండదు, అక్కడి చెరిగే బుట్ట గుండ్రంగా, అన్ని వైపులా అంచుతో ఉంటుంది. అందువల్ల అదే బుట్టను చెరగడం అయ్యాక పిండి పట్టుకోవడానికి, గింజలు ఆరబెట్టడానికి, వడ్డనకు ముందు కూరగాయలు ఉంచుకోవడానికి కూడా వాడగలుగుతారు.

పిండి విషయంలో మకెంగె బుట్ట గొప్పతనం బాగా తెలుస్తుంది. అక్కడి ప్రధాన ఆహారమైన న్షిమాను మొక్కజొన్న పిండితోనో కర్రపెండలం పిండితోనో గట్టి సంకటిలాగా వండుతారు. చేదు రకం కర్రపెండలం దుంపలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి కాబట్టి, దాన్ని రోజుల తరబడి నీటిలో నానబెట్టి, ఎండబెట్టి, దంచి, అప్పుడే పిండి చేస్తారు. నానిన దుంపలను చెరువు గట్టు నుంచి ఇంటికి మోయడం, ఎండలో పరచడం, దంచిన పిండిని తెచ్చుకోవడం వంటి పనుల్లో ప్రతిచోటా ఏదో ఒక బుట్ట ఉంటుంది. వెదురు బద్దల బుట్టలో అయితే సన్నని పిండి సందుల్లోంచి కారిపోతుంది. వేరుపట్టీలతో కుట్టిన బుట్టలో సందు లేకపోవడం వల్ల పిండి నిలుస్తుంది.

లోతైన పెద్ద బుట్టలు, మూత బుట్టలు నిల్వకు పనికివస్తాయి. ఏడాదికి సరిపడే విత్తనాలు, వేరుశనగ, ఎండుచేపలు, బట్టలు, ఇంటి విలువైన వస్తువులు వీటిలో దాస్తారు. వేరుపట్టీ గాలిని కొద్దికొద్దిగా పోనిస్తుంది కాబట్టి మూసిన ప్లాస్టిక్ డబ్బాలో లాగా లోపల చెమ్మ పట్టదు. పంట కోతలప్పుడు, సంతకు వెళ్ళేటప్పుడు నెత్తిన పెట్టుకుని మోసే బుట్టలు వేరుగా ఉంటాయి, వాటి అడుగు వెడల్పుగా, అంచు మందంగా అల్లుతారు. చేపలు పట్టే మావులను మాత్రం సాధారణంగా రెల్లుతోనో పుల్లలతోనో చేస్తారు, అక్కడ నీరు త్వరగా జారిపోవాలి కాబట్టి వేరు అల్లిక అవసరం లేదు.

వీటిలో నీళ్ళు నిలుస్తాయా?

మకెంగె బుట్టను నీళ్ళ పాత్రగా చేయరు. ఆఫ్రికాలో ద్రవాలకు పనికివచ్చే బుట్టలు వేరే ఉన్నాయి. జులూలు ఇలాలా ఆకుతో బిగువుగా అల్లే ఉఖాంబ, ఇసిచుమో బుట్టల్లో జొన్న బీరు పోస్తే ఆకు ఉబ్బి సందులు మూసుకుపోతాయి.

ఈ పని ఎవరిది? ఎంత పాతది?

ఎంబుండాలు అంగోలా నుంచి జాంబెజి నది ఎగువ ప్రాంతానికి వచ్చినవారు. ఇక్కడి లోజీ ప్రజల బరోత్సే రాజ్యాన్ని ములాంబ్వా అనే రాజు ఏలుతున్న 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వారిలో కొందరు వచ్చి స్థిరపడ్డారు. తరువాత కూడా వలసలు సాగాయి. అంగోలాలో స్వాతంత్ర్య పోరాటం, ఆపైన 2002 వరకు సాగిన అంతర్యుద్ధం ఇంకెందరినో సరిహద్దు దాటించాయి. వారికోసం 1966లో ఏర్పడిన మయుక్వయుక్వ శరణార్థి శిబిరం ఈ ప్రాంతంలోనే ఉంది. బోట్స్వానాలోని ఎట్షా గ్రామాలను నెలకొల్పినవారు కూడా 1960 దశకం చివర్లో అంగోలా నుంచే వచ్చిన హంబుకుషులు. ఇల్లూ పొలమూ వదిలి వచ్చినవారి వెంట ఈ చేతిపని మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది.

బరోత్సే రాజ్యంలో బుట్టలకు ఆర్థికమైన స్థానం కూడా ఉండేది. వరదమైదానంలో నివసించే లోజీల దగ్గర చేపలు, పశువులు ఉండేవి. ఇసుక అడవుల్లో ఉండే ఎంబుండా, లువాలే, న్కోయా వంటి జాతుల దగ్గర తేనె, కర్రపెండలం, చెక్క సామాను, చాపలు, బుట్టలు ఉండేవి. మైదానంలో చెట్లు అరుదు, అడవిలో పశువుల మేతకు చోటు చాలదు. ఒకరికొకరు అవసరమైన ఈ మారకపు వ్యవస్థను 1940 దశకంలో అక్కడ పరిశోధించిన సామాజిక మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ వివరంగా నమోదు చేశారు. వరద తగినంత పెరిగిన ఏడాదుల్లో రాజైన లితుంగా లెయలుయి నుంచి లిములుంగా మెట్టకు పడవల ఊరేగింపుతో తరలివెళ్ళే కువోంబోకా ఉత్సవం ఇప్పటికీ జరుగుతుంది. ఏటా మెట్టకు, మళ్ళీ మైదానానికి సామాను మోసుకునే జీవితంలో తేలికైన, పగలని బుట్టకు ఎంత విలువ ఉంటుందో ఊహించవచ్చు.

మతాచారాల్లో వాడుక ఉందా?

ఉంది. అంగోలా, కాంగో, జాంబియా సరిహద్దుల్లోని చోక్వే, లువాలే తదితర జాతుల్లో సోదె చెప్పేవారి దగ్గర ఒక బుట్ట ఉంటుంది. అందులో ఎముకలు, గింజలు, చెక్క బొమ్మలు వంటి చిన్న వస్తువులు ఎన్నో ఉంటాయి. బుట్టను ఊపి, పైకి తేలిన వస్తువుల అమరికను చూసి, రోగానికో కష్టానికో కారణం చెబుతారు. ఆ బుట్టను ఇంటి సామానుగా చూడరు, దాన్ని తాకడానికీ నియమాలుంటాయి. అలంకరణ వస్తువుల దుకాణాల్లో కనిపించే బుట్టలకు దీనితో సంబంధం లేదు.

వేళ్ళు తవ్వితే చెట్టు చచ్చిపోదా?

ఎలా తవ్వారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక చెట్టు నుంచి ఒకటి రెండు పక్కవేళ్ళు మాత్రమే తీసి, తల్లివేరును ముట్టకుండా, తవ్విన గోతిని మళ్ళీ ఇసుకతో పూడ్చి, ఆ చెట్టును కొన్నేళ్ళపాటు వదిలేస్తే అది కోలుకుంటుంది. కాంబ్రెటం ప్రజాతి చెట్లు నరికినా మొదలు నుంచి చిగురించే గుణం ఉన్నవి. గోతిని పూడ్చకుండా వదిలేస్తే మిగిలిన వేళ్ళు ఎండకు మాడిపోతాయి.

అసలు ప్రమాదం అమ్మకాలు పెరిగినప్పుడు వస్తుంది. పట్టణాలకు, రోడ్డుకు దగ్గరగా ఉన్న చెట్ల మీదే అందరూ పడతారు. బొగ్గు కోసం అడవి నరకడం, పోడు వ్యవసాయం దీనికి తోడవుతాయి. అప్పుడు అల్లేవారు వేళ్ళ కోసం మరింత దూరం నడవవలసి వస్తుంది. ఆ నడకకు ఎవరూ వెల కట్టరు. అందుకే తక్కువ ధరకు ఎక్కువ బుట్టలు కొనడం కంటే, తగిన ధరకు ఒక మంచి బుట్ట కొనడమే అడవికీ మేలు, అల్లినవారికీ మేలు అని మా అభిప్రాయం.

ప్లాస్టిక్ వచ్చాక కూడా ఇంకా వాడుతున్నారా?

నీళ్ళు మోయడానికి, బట్టలు ఉతకడానికి ప్లాస్టిక్ బకెట్లు, బేసిన్లు వచ్చేశాయి, ఆ పనులు బుట్టవి కూడా కావు. చెరిగే పనికి మాత్రం ప్లాస్టిక్ పళ్ళెం సరిపోదు. నున్నని ప్లాస్టిక్ మీద గింజా పొట్టూ కలిసే జారుతాయి. అల్లిక గరుకుదనం వల్లే గింజ నిలిచి పొట్టు విడిపోతుంది. పల్లెల్లో చెరిగే బుట్ట ఇంకా నిలిచి ఉండడానికి ముఖ్యమైన కారణం ఇదే. నిల్వ బుట్టల వాడుక తగ్గింది, వాటి స్థానంలో పర్యాటకుల కోసం, ఎగుమతి కోసం అల్లే గిన్నెలు, పళ్ళేలు పెరిగాయి.

నిజమైన వేరు బుట్టను ఎలా గుర్తించాలి? ఎక్కడ దొరుకుతాయి?

పట్టీని దగ్గరగా చూడండి. చీల్చిన వేరు పైవైపు కొంచెం ఉబ్బుగా ఉంటుంది, రంగు ఒకే పట్టీలో కూడా కొద్దిగా మారుతుంది, అక్కడక్కడ పిల్లవేరు ఉన్న చోట చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆకు పట్టీ అయితే చదునుగా, నిలువు ఈనెల గీతలతో ఉంటుంది. బుట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు చుట్ల మధ్య వెలుగు కనిపించకపోతే అల్లిక బిగువుగా ఉన్నట్టు.

జాంబియాలో ఉద్యోగరీత్యా ఉంటున్న తెలుగువారు రాజధాని లుసాకాలోని చేతిపనుల దుకాణాలను చూడవచ్చు. మోంగు వైపు వెళ్ళగలిగితే అక్కడే అల్లినవారి నుంచి కొనడం మేలు. కొనకుండా చూడాలనుకునేవారికి లిములుంగాలోని నయుమా మ్యూజియం, లివింగ్‌స్టన్ పట్టణంలోని మ్యూజియం ఉన్నాయి.

భారతదేశానికి తెచ్చుకోవచ్చా? మన వాతావరణంలో ఎలా కాపాడాలి?

వేరు కూడా మొక్కల ఉత్పత్తే కాబట్టి, కస్టమ్స్, మొక్కల క్వారంటైన్ నిబంధనలను ప్రయాణానికి ముందే తెలుసుకోవాలి. మట్టి అంటుకుని ఉన్నవాటినీ, పురుగు రంధ్రాలు ఉన్నవాటినీ తీసుకోకపోవడమే మంచిది. బుట్ట కింద గుడ్డ పరచి తట్టినప్పుడు సన్నని పొడి రాలితే లోపల పురుగు ఉందని అర్థం. అలాంటప్పుడు బుట్టను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. తీసిన తరువాత గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే బుట్ట మీద నీరు పడుతుంది.

కలహారి ఇసుక మీద పొడిగాలిలో పుట్టిన బుట్టకు విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమ పడదు. వానాకాలంలో గోడకు ఆనించి పెట్టకుండా, గాలి ఆడే చోట ఉంచాలి. బూజు పడితే పొడి మెత్తని కుంచెతో ఆరుబయట దులిపి, కొంతసేపు నీడలో ఆరబెట్టాలి. ఎక్కువకాలం ఎండలో ఉంచితే రంగు వెలుస్తుంది, పట్టీలు పెళుసుబారతాయి. ఇంట్లో పండ్లు, ఉల్లిపాయలు, పప్పుల వంటి పొడి పదార్థాలకు నిరభ్యంతరంగా వాడవచ్చు. నూనె పిండివంటలు పెట్టేటట్లయితే కింద గుడ్డ పరచాలి, వేరు పీల్చుకున్న నూనె మరక మళ్ళీ పోదు.

అంచు దగ్గర ఒక కుట్టు తెగితే ఆలస్యం చేయకూడదు. చుట్లన్నీ ఒకే వరుసగా కుట్టినవి కాబట్టి ఒకటి వదులైతే పక్కవీ వదులవుతాయి. తెగిన కొనను కొద్దిగా తడిపి, దబ్బనంతో పక్క కుట్టు కిందికి దూర్చి, మైనం పూసిన నారదారంతో రెండు మూడు కుట్లు వేసి బిగిస్తే బుట్ట మళ్ళీ పనిలోకి వస్తుంది.